పాదం కింద గుల్ల

గత ఫిబ్రవరిలో మా అక్క కూతురి పెళ్ళి తిరుచానూరు దారిలోని ఒక కల్యాణ మండపంలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున కావడం వల్ల చీకటితోనే లేచి, పట్టుచీర కట్టుకుని, ఏడేళ్ళ క్రితం కొని నాలుగైదు సార్లకు మించి వేసుకోని, మడమ నుండి వేళ్ళ దాకా అడుగు నిండుగా ఉండే గోధుమరంగు వెడ్జ్ చెప్పులను అటక మీది పెట్టెలోంచి దింపి బయలుదేరాను. కారు దిగి మండపం వాకిలి చేరేసరికి అడుగు మెత్తగా, వాన వెలిసిన చేలో నడుస్తున్నట్టుగా అనిపించింది. వెనక వస్తున్న మా ఆడపడుచు "వదినా, నువ్వు నడిచే కొద్దీ ఏందో రాలతా ఉంది చూడు" అన్నది. తిరిగి చూస్తే, కొత్తగా పరిచిన ఎర్ర తివాచీ పొడవునా నా చెప్పుల అడుగుభాగం ముక్కలు ముక్కలుగా, కొంత పొడిగా పడి ఉంది. మిగిలిన పెళ్ళంతా వట్టి కాళ్ళతోనే గడిపాను. కొంగు బిగించి పనులు చేస్తున్న పెద్దమ్మలలో ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే ఉన్నారు కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా కనబడలేదు.

మరునాడు ఆ చెప్పులను మా వీధి చివర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకుపోయాను. ఆయన పైపట్టీలు లాగి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. మడమ కింది భాగాన్ని బొటనవేలితో నొక్కగానే అది చెదలు తిన్న చెక్కలా లోపలికి దిగిపోయింది.

"ఇది కుట్టేదానికయ్యేది కాదు మేడమ్. అరిగిపోయిన చెప్పునైతే నేను బాగుచేస్తా. వాడకుండా దాచిపెట్టిన చెప్పును ఏం చేసేది?" అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే నేను ఇరవై యేళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఇప్పుడు దొరికే వెడ్జ్ చెప్పులలో చాలావాటికి అడుగున ఉండేది పీయూ అని అందరూ పిలిచే పాలీయురితేన్ నురగ. దానిలో ఎస్టర్ బంధాలు ఉన్న రకాన్ని గాలిలోని తేమ నెమ్మదిగా విడగొడుతుంది, వేడి ఆ పనిని వేగవంతం చేస్తుంది. ఇది నేను ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద రాసి, పరీక్షలో అడిగి, మార్కులు వేసే జలవిశ్లేషణ చర్యే. నలభై డిగ్రీలు దాటే తిరుపతి వేసవిని, అక్టోబరు నుండి డిసెంబరు వరకు గోడలు చెమర్చే ఈశాన్య రుతుపవనాల కాలాన్ని, అటక మీద మూసిన అట్టపెట్టెలో ఏడేళ్ళు అనుభవించిన ఆ నురగ పొడి కావడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఈథర్ బంధాలు ఉన్న పాలీయురితేన్ తేమను ఇంతకన్న బాగా తట్టుకుంటుంది. రబ్బరు, ఈవీఏ అనే మరో ప్లాస్టిక్ నురగ వంటివి ఈ విధంగా పొడికావు. అయితే ఏ చెప్పులో ఏ రకం నురగ పోశారో పెట్టె మీద రాసే వాడుక మన దగ్గర లేదు కాబట్టి, కొన్నవారు వాటిని పెళ్ళిళ్ళకని దాచుకోకుండా వేసుకుని తిరగడమే మంచిదని ఇప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలందరికీ చెబుతున్నాను.

ఇంత జరిగినా నేను వెడ్జ్ చెప్పులను విడిచిపెట్టలేదు. విడిచిపెట్టకపోవడానికి కారణం అలంకారం కాదు, దాని నిర్మాణం. వెడ్జ్ అంటే చీల. గొడ్డలి కామ వదులైనప్పుడు సందులోకి కొట్టే చెక్క ముక్క గానీ, ఘాట్ రోడ్డులో ఆగిన లారీ వెనక్కి జారకుండా చక్రం కింద దూర్చే దిమ్మ గానీ చూసినవారికి ఈ చెప్పు ఆకారం వేరుగా వివరించనక్కర లేదు. ఒక వైపు మందంగా మొదలై, మరో వైపుకు పోయేకొద్దీ పలచబడే త్రికోణం అది. మడమ కింద ఎత్తుగా ఉన్న ఆ దిమ్మ మధ్యలో ఎక్కడా తెగకుండా పాదం నడుమ భాగం మీదుగా వేళ్ళ దాకా వస్తుంది. మామూలు హీల్స్‌కు, దీనికి తేడా అంతా ఆ నడుమ భాగంలోనే ఉంది. మామూలు హీల్‌లో మడమ కింద ఒక స్తంభం, వేళ్ళ కింద ఒక పలక ఉంటాయి. రెండింటి మధ్య, సరిగ్గా పాదం వంపు కింద, గుల్ల ఉంటుంది.

ఆ గుల్ల మీదుగా మనిషి బరువును మోయాలంటే వంతెనకు దూలం కావలసినట్టే చెప్పుకూ ఒక దూలం కావాలి. అందుకే ఎత్తు మడమ బూట్ల లోపల, కంటికి కనబడకుండా, మడమ నుండి అరికాలి ముందుభాగం దాకా ఒక సన్నని ఉక్కు పట్టీ పెడతారు. అది విరిగిందంటే పైకి చెప్పు చెక్కుచెదరనట్టే కనిపించినా అడుగు వేయగానే నడుము దగ్గర కుంగిపోతుంది. మన పావుకోళ్ళకు కూడా ముందొక కాలు, వెనకొక కాలు, నడుమ గుల్ల ఉంటాయి; కానీ అవి ఒకే కొయ్యలో తొలిచినవి కాబట్టి పలకే దూలమై నిలుస్తుంది. తోలుకు, అట్టకు ఆ శక్తి లేదు.

ఉక్కు దొరకనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న నుండే ఇప్పుడు మనం వాడుతున్న వెడ్జ్ పుట్టింది. దానిని రూపొందించిన సాల్వతోరే ఫెర్రగామో ఇటలీలో నేపుల్స్‌కు లోపలగా ఉన్న బొనీతో అనే పల్లెలో 1898లో పుట్టాడు. చిన్నతనంలోనే చెప్పుల పని నేర్చుకుని అమెరికా వెళ్ళి, హాలీవుడ్ తారలకు బూట్లు కుట్టి పేరు తెచ్చుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగించింది ఆ తారల జాబితా కాదు. అందరి పాదాలూ తన చెప్పుల్లో ఎందుకు నొప్పి పడుతున్నాయో తెలుసుకోవడానికి లాస్ ఏంజలెస్‌లోని విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణశాస్త్రం చదవడం. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండుదారంలాగా ఒక దారం వేలాడదీసి చూస్తే, నిలబడ్డ మనిషి బరువు నేరుగా దిగేది మడమ మీద గానీ వేళ్ళ మీద గానీ కాదు, పాదం వంపు మీద అని ఆయన గ్రహించాడు. బూట్లు కుట్టేవారు గాలికి వదిలేసే చోటే అది. అక్కడ ఉక్కు పట్టీతో ఆధారం ఇవ్వడం ఆయన పద్ధతి అయింది.

1927లో ఆయన ఇటలీకి తిరిగివచ్చి ఫ్లోరెన్స్‌లో పని పెట్టుకున్నాడు. 1935 అక్టోబరులో ముస్సోలినీ సేనలు ఇథియోపియా మీదికి పోయాయి, నవంబరులో నానాజాతి సమితి ఇటలీ మీద ఆంక్షలు విధించింది. మంచి ఉక్కు యుద్ధ అవసరాలకు పోయి, చెప్పులకు నాసి ఉక్కు మిగిలింది. ఆ పట్టీలు విరుగుతుంటే బూట్లు తిరిగివస్తున్నాయి. అప్పుడాయన దూలాన్ని బాగుచేసే ఆలోచన మాని, గుల్లనే పూడ్చేశాడు. సార్డీనియా దీవి నుండి వచ్చే కార్కు బెండును పొరలు పొరలుగా అతికించి, మడమ నుండి వేళ్ళ దాకా నిండుగా పూరించి, అంచులు చెక్కి వెడ్జ్ చేశాడు. వంతెన కింద మట్టి పోసి కట్టగా మార్చినట్టు అన్నమాట. కట్టకు దూలం అక్కర లేదు. 1936-37 నాటికి ఇది బయటికి వచ్చింది. 1938లో నటి జూడీ గార్లండ్ కోసం ఆయన చేసిన ఇంద్రధనుస్సు చెప్పు, ఒక్కో పొరకు ఒక్కో రంగు తోలు తొడిగినది, ఇప్పటికీ ఫ్యాషన్ పుస్తకాలలో కనిపిస్తూ ఉంటుంది. తోలుకు కూడా కరువు వచ్చినప్పుడు ఆయన చాక్లెట్లు చుట్టే పారదర్శకపు కాగితం, గడ్డి, చేప చర్మం వంటివాటితో పైభాగాలు చేశాడు. 1947లో చేపల గాలపు దారం వంటి నైలాను పోగులతో చేసిన అదృశ్య చెప్పుకు అమెరికాలో బహుమతి కూడా వచ్చింది. ఆ చెప్పులో వెడ్జ్‌ను వెనక నుండి తొలిచి మళ్ళీ గుల్ల చేశాడన్నది నాకు నవ్వు తెప్పించే విషయం. తాను పూడ్చినదాన్ని తానే తవ్వుకున్నాడు. 1950లలో సూదిమొన మడమలు వచ్చి వెడ్జ్‌ను కొంతకాలం వెనక్కి నెట్టాయి. 1970ల మొదట్లో ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త ఈవ్ సేన్ లోరాన్ కోరిక మీద స్పెయిన్‌లోని కాస్తన్యేర్ కుటుంబం వారు తమ నార చెప్పులకు వెడ్జ్ జోడించారు. ఇప్పుడు మా తిరుపతి గాంధీ రోడ్డు దుకాణాలలో జనపనార తాడు చుట్టి వేలాడదీసే చెప్పులన్నిటికీ అది పూర్వరూపం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెన్సిల్ హీల్స్ వేసుకునేదాన్ని. అరవై కిలోల మనిషి అడుగు వేసినప్పుడు ఒక క్షణం పాటు ఆ బరువంతా ఒక మడమ మీద పడుతుంది. పెన్సిల్ హీల్ మొన ఒక చదరపు సెంటీమీటరు ఉందనుకుంటే ఆ ఒక్క సెంటీమీటరు మీద అరవై కిలోలు దిగుతాయి. వెడ్జ్ వెనకభాగం ముప్పై చదరపు సెంటీమీటర్లు ఉంటే ఒక్కో సెంటీమీటరుకు రెండు కిలోలే. ఈ లెక్క కాగితం మీద కన్నా మా ఊరి కాలువ మీది రాతిపలకల సందుల దగ్గర, ఎప్పుడు చూసినా దేనికోసమో తవ్వి పూడ్చిన కొత్త రోడ్ల అంచుల దగ్గర, వానకు నానిన కళాశాల మైదానం దగ్గర బాగా అర్థమవుతుంది. పెన్సిల్ హీల్ అక్కడ నేలలోకి దిగుతుంది, వెడ్జ్ దిగదు. రోజుకు నాలుగు గంటలు నిలబడి పాఠం చెప్పేవారికి మరో సుఖం కూడా ఉంది. పాదం వంపు కింద ఏదో ఒకటి ఆనుకుని ఉంటుంది. కూర్చునే ఉద్యోగమైతే ఏ మడమైనా ఒకటే. నిలబడేవారికి ఆ ఆసరా సాయంత్రానికి తెలుస్తుంది.

అయినా వెడ్జ్‌ను నిర్దోషిగా చూపించడం నా ఉద్దేశం కాదు. దుకాణంలో అమ్మాయిలు మూడంగుళాలా, నాలుగంగుళాలా అని ఎత్తు మాత్రమే అడుగుతారు, అడగవలసింది వాలు. మడమ కింద మూడంగుళాలు, వేళ్ళ కింద ఒక అంగుళం ఉంటే పాదానికి తెలిసేది రెండంగుళాల వాలే. మడమ కింద మూడంగుళాలుండి వేళ్ళ కింద పలచటి అట్ట మాత్రమే ఉంటే అది వెడ్జ్ అయినా, పెన్సిల్ హీల్ అయినా బరువును ఒకే విధంగా వేళ్ళ మొదళ్ళ మీదికి తోస్తుంది, పిక్కను ఒకే విధంగా కుదించి ఉంచుతుంది. గుల్ల పూడ్చినంత మాత్రాన వాలు తగ్గదు. ముందుభాగం ఇరుకుగా ఉంటే బొటనవేలు పక్కకు తిరగడాన్ని కూడా వెడ్జ్ ఆపలేదు.

రెండో దోషం బిరుసుతనం. మందమైన దిమ్మ వేళ్ళ దగ్గర వంగదు. అందుకే మంచి వెడ్జ్‌ను బల్ల మీద పెట్టి చూస్తే వేళ్ళ కొస నేలకు ఆనకుండా కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఆ లేచిన భాగం మీదుగా పాదం దొర్లి ముందుకు పోతుంది. అది లేని చెప్పుతో నడిస్తే గుర్రపు డెక్కలతో నడిచినట్టు శబ్దం వస్తుంది, మోకాళ్ళు పట్టేస్తాయి. పైగా ఒక అంచు కింద చిన్న కంకర రాయి పడిందంటే పలచటి చెప్పులో పాదం ఆ రాయిని పసిగట్టి సర్దుకుంటుంది, వెడ్జ్‌లో మాత్రం దిమ్మంతా ఒకేసారి పక్కకు ఒరిగి కాలు బెణుకుతుంది. చీలమండకు పట్టీ ఉన్న వెడ్జ్‌లనే నేను కొనడానికి కారణం ఇదే. స్కూటీ నడిపేవారికి నేల అందడానికి వెడ్జ్ సాయపడుతుంది, నా వంటి పొట్టివారికి మరీ. కారు నడిపేటప్పుడు మాత్రం దాన్ని విప్పేయాలి, బ్రేకు ఎంత లోతుకు దిగిందో ఆ మందంలోంచి కాలికి తెలియదు.

పట్టీ గురించి చెప్పాను గానీ, తిరుపతిలో పట్టీ అంటే ఒక పని. మరో ఊరిలో పొద్దున వేసుకున్న చెప్పు సాయంత్రం విప్పితే సరిపోతుందేమో. ఇక్కడ గోవిందరాజస్వామి గుడి ముందు ఒకసారి, చుట్టాల ఇంట్లో ఒకసారి, తిరుచానూరు అమ్మవారి దగ్గర మరోసారి విప్పవలసి వస్తుంది. చెప్పుల స్టాండుల అరలు చదునైన చెప్పులకు చేసినవి కావడం వల్ల వెడ్జ్ వాటిలో నిలువుగా పట్టదు, పక్కకు పడుకోబెట్టాలి. దానికన్నా పెద్ద చిక్కు చీరతో వస్తుంది. రెండున్నర అంగుళాల వెడ్జ్ వేసుకుని కుచ్చిళ్ళు సరిచేసుకుంటే, చెప్పు విప్పిన క్షణంలో ఆ రెండున్నర అంగుళాల చీర నేల మీద కుప్పపడి, ప్రదక్షిణ చేసేటప్పుడు కాళ్ళకు అడ్డం పడుతుంది. వట్టి కాళ్ళకు సరిపోయేట్టు కట్టుకుంటే చెప్పు వేసుకున్నప్పుడు చీలమండలు కనిపించే దాకా చీర పైకి లేస్తుంది. దీనికి నాకు దొరికిన పరిష్కారం మధ్యేమార్గం. గుడి ఉన్న రోజున ఒకటిన్నర అంగుళాల, పెద్దగా వాలులేని వెడ్జ్, గుడి లేని రోజున మరొకటి.

మా అవ్వ చెప్పులను మెట్లు అనేది. చిత్తూరు జిల్లా పల్లెలలో ఆ మాట ఇంకా పూర్తిగా పోలేదు. నేను మొదటి జీతంతో హీల్స్ కొనుక్కుని చూపించినప్పుడు ఆమె వాటిని చేతితో తిప్పి చూసి, "ఈ మెట్లేసుకొని మెట్లెక్కినావంటే మూతిపండ్లు రాలతాయి మే" అన్నది. అలిపిరి దారిలో 3,550 మెట్లను ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు, ఎక్కిన ప్రతిసారీ వట్టి కాళ్ళతోనే. అలిపిరిలో పాదాల మండపం దగ్గర స్వామి పాదరక్షలను తల మీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి, ఆ తరువాత తన మెట్లను చెట్టు కింద వదిలి కొండకు నడిచేది. తిరిగి వచ్చేసరికి అవి ఉంటే ఆశ్చర్యపోయేది. వెడ్జ్‌ను మాత్రం ఆమె ఒప్పుకున్నది. వేలితో పక్కన తట్టి, "ఇది పీటమాదిరి ఉండాది, పర్వాలేదు" అని తీర్పు చెప్పింది.

కొనేవారికి ఒక మాట. కార్కు వెడ్జ్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం కార్కు కాదు. లోపల నురగ, బయట కాగితమంత కార్కు పొర. అసలైన కార్కు ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును కొట్టకుండా, తొమ్మిదేళ్ళకొకసారి బెరడు ఒలిచి తీస్తారు, ప్రపంచంలో దొరికేదానిలో దాదాపు సగం పోర్చుగల్ నుండే వస్తుంది. అంత దూరం నుండి రావలసిన సరుకు మన వీధి దుకాణంలో నాలుగు వందలకు ఎలా వస్తుంది? వెనక అతుకు దగ్గర గోరుతో లేపి చూస్తే పొర మందం తెలిసిపోతుంది. నురగ అయినంత మాత్రాన చెడ్డదేమీ కాదు, ఈవీఏ అయితే తేలికగా ఉండి తేమకు తట్టుకుంటుంది. కార్కు ధర ఇవ్వకుండా ఉంటే చాలు. ఇక జనపనార చుట్టిన వెడ్జ్‌లు వేసవికి బాగుంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైనప్పుడు నావి మోకాటిలోతు నీళ్ళలో నానాయి. ఎండబెట్టినా నార విచ్చుకుని, మగ్గిన వాసన పట్టి, పారవేయవలసి వచ్చింది.

గోధుమరంగు చెప్పుల కథ ఇంకా కొంత మిగిలింది. పైపట్టీలు గట్టిగా ఉన్నాయి కదా అని ఆ పెద్దాయన కొత్త అడుగు కట్టి ఇస్తానన్నాడు. హవాయి చెప్పులకు వాడే రకం రబ్బరు రేకులు తెచ్చి, పాదం ఆకారంలో కోసి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించాడు. మడమ దగ్గర ఏడు పొరలు, నడుమ నాలుగు, వేళ్ళ దగ్గర రెండు. అంచులను కత్తితో మెట్లు మెట్లుగా తీసి, ఆకురాయితో నునుపు చేస్తుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను. ఫ్లోరెన్స్‌లో కార్కు బెండుతో చేసింది అక్షరాలా ఇదే పని అని ఆయనతో చెబితే, "వేరే ఎట్ల చేస్తారు?" అన్నాడు. చివరికి తూకం చూసి, బరువెక్కువైందని ఆయనకే తోచింది.

"మధ్యలో కొంచెం తొలిచి గుల్ల చేసేద్దునా మేడమ్? తేలికవుతుంది."

వద్దన్నాను. మూడు వందల యాభై రూపాయలు తీసుకుని, ఎడమది ఒక రవ్వ ఎత్తుగా ఉందని తానే మళ్ళీ రాయి పట్టించి ఇచ్చాడు. ఇప్పుడు వాటిని అటక మీద పెట్టడం లేదు. సోమవారం నుండి కళాశాలకు వేసుకుపోతున్నాను.